నా ఫైలు ఎవరు తెరిచారు?

కిడ్నీ జబ్బు ఉందని తేల్చడానికి డాక్టరుకు ఒక్క రక్తపరీక్ష సరిపోదు. కిడ్నీల వడపోత సామర్థ్యం నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే కిందికి దిగాలి, లేదా మూత్రంలో ప్రొటీను పోవడంలాంటి గుర్తులు కనిపించాలి. ఆ పరిస్థితి మూడు నెలలకు పైగా కొనసాగాలి. అప్పుడే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఈ జబ్బు నిర్వచనంలోనే కాలం ఇమిడి ఉంది. అందువల్ల పాత రిపోర్టు దొరకని చోట రోగ నిర్ధారణ కూడా సగంలో ఆగిపోతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది చావుబతుకుల విషయం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదేనని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే 43 ఏళ్ల మహిళ ఒకరిని ఊహించుకుందాం. మొదటి ఏడు ఊరి దగ్గర ల్యాబులో కిడ్నీ పనితీరును సూచించే క్రియాటినిన్ 0.8 వచ్చింది. మరుసటి ఏడు నీరసంగా ఉందని బరంపురం వెళ్తే 1.0 వచ్చింది. మూడో ఏడు విశాఖపట్నంలో చేయిస్తే 1.2. చాలా ల్యాబులు రిపోర్టు పక్కన అచ్చువేసే అంకెల ప్రకారం ఈ మూడూ మామూలుగానే, కాదంటే గీత అంచున ఉన్నట్టుగా కనిపిస్తాయి. ఎవరూ కంగారుపడరు. ఇవే అంకెలను ఆమె వయసుతోనూ, స్త్రీ అన్న సమాచారంతోనూ కలిపి ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రంలో వేస్తే వడపోత సామర్థ్యం మొదటి ఏడు సుమారు 94, తర్వాత 71, ఆ తర్వాత 57. రెండేళ్లలో మూడో వంతుకు పైగా పోయింది. నొప్పి మాత్రలు మానిపించి, మంచి మందులు మొదలుపెట్టాల్సిన సమయం అదే. కాని మూడు ఊళ్లలోని మూడు కాగితాలు ఒక్కచోటికి చేరవు. ఒకటి సంచిలో మడతపడి చినిగిపోతుంది, ఒకటి బస్సులో పోతుంది, మూడోది ఏ డాక్టరు దగ్గర వదిలేశారో గుర్తుండదు.

ఎలక్ట్రానిక్ వైద్య రికార్డు చేసే అసలైన మేలు ఇది. కాగితం మీదున్నదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం దానిలో చిన్న భాగమే. మూడు అంకెలను వరుసలో పెట్టి, వయసును అదే లెక్కలోకి తీసుకుని, గీత కిందికి దిగుతోందని ఆ క్షణంలో డాక్టరు కళ్లముందు పెట్టగలగడం దాని సత్తా. హడావిడి ఓపీలో మనిషి ఈ లెక్క వేయలేడు. వేయలేదని డాక్టరును నిందించడమూ న్యాయం కాదు.

ఈ మాటను 50 ఏళ్ల కిందటే ఒకరు ప్రయోగం చేసి చూపించారు. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అనే వైద్యుడు 1976లో ఒక అధ్యయనం ప్రచురించాడు. రోగి రికార్డును కంప్యూటరు ముందే చదివి, ఈ మందు వాడుతున్నవారికి ఫలానా పరీక్ష చేయించాలని డాక్టరుకు చిన్న చీటీ అచ్చువేసి ఇచ్చేది. చీటీ అందినప్పుడు 51 శాతం సందర్భాల్లో డాక్టర్లు తగిన చర్య తీసుకున్నారు. చీటీ లేనప్పుడు అదే డాక్టర్లు తీసుకున్నది 22 శాతం సందర్భాల్లోనే. లోపం చదువులోనో శ్రద్ధలోనో లేదని, ఒక మనిషి బుర్ర ఒకేసారి పట్టుకోగలిగిన వివరాలకు హద్దు ఉందని ఆయన తేల్చాడు. తర్వాత బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రిలో డేవిడ్ బేట్స్ బృందం మందుల చీటీలను చేత్తో రాయడం మాన్పించి కంప్యూటరులో రాయించింది. 1998లో ప్రచురించిన ఫలితాల ప్రకారం రోగికి హాని కలిగించగల తీవ్రమైన మందుల పొరపాట్లు 55 శాతం తగ్గాయి. చేతిరాత అర్థంకాక మందుల షాపు కుర్రాడు ఊహించి బిళ్ల ఇవ్వడం మనకు తెలిసినదే కనుక ఆ ఫలితం మనల్ని ఆశ్చర్యపరచదు.

కాగితం తట్టుకోలేనిది ఇంకొకటి ఉంది, విపత్తు. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచినప్పుడు ఆసుపత్రుల్లో కాగితపు ఫైళ్లు గుట్టలుగుట్టలుగా నీళ్లపాలయ్యాయి. మాజీ సైనికుల ఆసుపత్రి రికార్డులు మాత్రం అప్పటికే కంప్యూటర్లో ఉన్నాయి. ఊరు విడిచిపోయిన మాజీ సైనికులు వేరే రాష్ట్రాల్లో డాక్టరు ముందు కూర్చున్నా వాళ్లు వాడే మందుల పట్టీ తెర మీద కనిపించింది. క్యాన్సరు చికిత్స సగంలో ఉన్న ఎంతోమంది ఇతర రోగులు ఏ మందు, ఎన్ని విడతలు ఎక్కించుకున్నారో చెప్పలేకపోయారు. 2014లో హుద్‌హుద్ తుఫానును, 2018లో తిత్లీని చూసిన మన తీరానికి దీని విలువ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ మేలుకు ఒక వెల ఉంది. మేలు చేసే గుణం, హాని చేసే గుణం ఒకే చోట పుడతాయి. అన్నీ ఒకచోట ఉండటమే రికార్డుకు బలం. అన్నీ ఒకచోట ఉండటమే దొంగకు ఆకర్షణ.

ఫిన్లాండ్‌లో వస్తామో అనే మానసిక చికిత్స కేంద్రాల సంస్థ ఉండేది. దేశమంతటా శాఖలు, వేల మంది రోగులు. రోగి గదిలో చెప్పుకున్నది థెరపిస్టు కంప్యూటరులో రాసుకునేవాడు. ఆ రికార్డులను ఒకడు దొంగిలించాడు. 2020లో 40 బిట్‌కాయిన్లు ఇవ్వమని సంస్థను బెదిరించాడు, ఇవ్వకపోతే రోజుకు వంద మంది చొప్పున బయటపెడతానన్నాడు. అన్నంత పనీ మొదలుపెట్టాడు. తర్వాత రోగులకే నేరుగా ఈమెయిళ్లు పంపాడు. 24 గంటల్లో 200 యూరోలు, ఆలస్యమైతే 500, లేదంటే నువ్వు చెప్పుకున్నదంతా లోకం చదువుతుంది అని. బాధితులు సుమారు 33,000 మంది. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. సర్వరుకు ఉండాల్సిన కనీస రక్షణ లేదని విచారణలో తేలింది. సంస్థ దివాలా తీసింది. 2024 ఏప్రిల్‌లో కోర్టు నిందితుడికి ఆరేళ్ల మూడు నెలల శిక్ష వేసింది. ఏటీఎం కార్డు పోతే కొత్త కార్డు ఇస్తారు, పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. చిన్నప్పుడు ఇంట్లో జరిగిన అఘాయిత్యం గురించి థెరపిస్టుకు చెప్పుకున్న మాటను మార్చుకునే దారి లేదు.

గోప్యతను చాలామంది మర్యాదకు సంబంధించిన విషయంగా చూస్తారు. పరువున్నవాళ్ల బెంగ అంటారు. నేను దాన్ని వైద్యంలో భాగంగానే చూస్తాను, కారణం ఇదీ. హెచ్‌ఐవీకి ఇప్పుడు మన ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఇచ్చే ముఖ్యమైన మందు డోలుటెగ్రావిర్. టీబీకి ఇచ్చే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్. రెండూ కలిస్తే రిఫాంపిసిన్ ప్రభావంతో డోలుటెగ్రావిర్ శరీరంలో వేగంగా విరిగిపోతుంది, రక్తంలో దాని మోతాదు పడిపోతుంది. అందుకని టీబీ మందులు వాడినన్నాళ్లూ డోలుటెగ్రావిర్‌ను రోజుకు ఒకసారికి బదులు రెండుసార్లు ఇస్తారు. టీబీ చూసే డాక్టరుకు హెచ్‌ఐవీ సంగతి తెలిస్తే ఇది చాలా తేలిక. తెలియకపోతే వైరసుకు మందును ఎదిరించే అవకాశం దొరుకుతుంది. సొంత ఊరి పక్కనే ఏఆర్‌టీ కేంద్రం ఉన్నా, తెలిసినవాళ్లు చూస్తారని ఎక్కడో దూరపు కేంద్రానికి వెళ్లి మందు తెచ్చుకునేవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. అలాంటి మనిషిని పక్క టేబులు వింటుండగా ‘ఇంకేమైనా జబ్బులున్నాయా’ అని అడిగితే లేవనే అంటాడు. ఆ ‘లేవు’ రికార్డులోకి ఎక్కుతుంది. తర్వాత పది ఆసుపత్రులు దాన్ని నిజమనుకుని నమ్ముతాయి. భయపడ్డ రోగి అబద్ధమాడితే పుట్టేది ఖాళీ రికార్డు కాదు, తప్పుడు రికార్డు. ఖాళీ గడి చూసిన డాక్టరు మళ్లీ అడుగుతాడు. నింపిన గడి చూసిన డాక్టరు అడగడు.

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం ఈ విషయాన్ని గుర్తించింది. రోగి అనుమతి లేకుండా ఆ వివరం బయటపెట్టరాదని, దాన్ని భద్రపరచే సంస్థలు రక్షణ ఏర్పాట్లు చేసుకోవాలని చెప్పింది. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ కూడా గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరును గోప్యంగా ఉంచాలంటుంది, ఉల్లంఘించిన డాక్టరుకు ఏడాది దాకా జైలు పడవచ్చు. అవసరం కొట్టొచ్చినట్టు కనిపించిన చోట చట్టాలు గట్టిగానే వచ్చాయి.

కాగితమే నయం, కంప్యూటరు వద్దు అనేవారితో మాత్రం నేను ఏకీభవించను. మన ఓపీ గదిలో ఒక రోగి బల్ల ముందు ఉంటే మరో నలుగురు ఆయన భుజం మీద నుంచి చూస్తుంటారు. రిజిస్టరు బల్ల మీద తెరిచే ఉంటుంది. స్కానింగు రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం రోజువారీ పని. వరండాలో వదిలేసిన కేస్ షీట్‌ను ఎవరు చదివారో ఏనాటికీ తెలియదు. కాగితం నుంచి ఒక్కరి గుట్టు బయటపడుతుంది, సర్వరు నుంచి ఒకే రాత్రి వేలమందిది పోతుంది. ఆ తేడా నిజమే. ఆ రెండో ప్రమాదాన్ని తగ్గించే పద్ధతులు తెలిసినవే. చేయడానికి ఓపిక, డబ్బు కావాలి.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ పట్టుకుంది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తాళంపడిపోయింది. దేశంలోకెల్లా పేరున్న ఆసుపత్రి దాదాపు రెండు వారాలు ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు చేత్తో రాసుకుంది. నెట్‌వర్కును సరిగా విభజించకపోవడం వల్ల చొరబాటు జరిగిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఒక కంప్యూటరులోకి దూరినవాడు అక్కడి నుంచి మిగతా సర్వర్లలోకీ నడిచిపోగలిగాడు. అయితే ఆ దాడి తాకని ఒక బ్యాకప్ సర్వరు మిగిలింది. ఆసుపత్రి వాడే ఈ-హాస్పిటల్ సాఫ్ట్‌వేరు సమాచారమంతా దాని నుంచే తిరిగి తెచ్చుకున్నారు. నెట్‌వర్కుకు అందని చోట ఒక నకలు ఉంచడం, దాన్ని నిజంగా తిరిగి తెరవగలమో లేదో అప్పుడప్పుడు పరీక్షించడం చిన్న నర్సింగ్‌హోము కూడా చేయగల పని. బిల్లింగు సాఫ్ట్‌వేరు కొన్నప్పుడు ఇది అడిగే యజమానులు తక్కువ.

బయటి దొంగే కాదు, లోపలి కుతూహలం కూడా హాని చేస్తుంది. సంకేత భాషలో ఎంత గట్టిగా దాచినా, చదవడానికి అధికారం ఉన్న ఉద్యోగి ముందు అది విప్పుకోక తప్పదు. అందుకే ఎవరి పనికి ఎంత కావాలో అంతే కనిపించాలి. బిల్లు వేసే వ్యక్తికి పరీక్ష పేరు చాలు, ఫలితం అక్కర్లేదు. స్పృహ లేని రోగి అత్యవసర విభాగానికి వస్తే డాక్టరు ఈ అడ్డుగోడలు దాటి తెరవగలగాలి, కాని ఎందుకు తెరిచాడో రాసి తెరవాలి. తెరిచిన ప్రతిసారీ పేరు, సమయం నమోదు కావాలి. ఇంతవరకు చాలా దేశాల్లో చేస్తారు.

ఎస్టోనియా ఇంకో అడుగు వేసింది. ఆ చిన్న దేశంలో 2008 నుంచి దేశవ్యాప్త ఆరోగ్య సమాచార వ్యవస్థ నడుస్తోంది. పౌరుడు తన రికార్డులోకి ప్రవేశిస్తే తన పరీక్షలు, మందులతో పాటు దాన్ని ఎవరు ఎప్పుడు తెరిచారో ఆ జాబితా కూడా కనిపిస్తుంది. సంబంధం లేని డాక్టరు తొంగిచూస్తే రోగే పట్టుకుని నిలదీయగలడు, ఫిర్యాదు చేయగలడు. కాపలా పనిని అందరికంటే ఎక్కువ పట్టింపు ఉన్న మనిషికే అప్పగించారన్నమాట. గోప్యత గురించి నేను చదివిన ఏర్పాట్లన్నింటిలో ఇంత సూటి అయినది మరొకటి లేదు. ‘నా ఫైలు ఎవరు తెరిచారు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల వ్యవస్థలో తొంగిచూసే చేయి తెరిచేముందే ఆగుతుంది.

రికార్డులను పరిశోధనకు ఇచ్చేటప్పుడు పేర్లు తీసేస్తే సరిపోతుందని ఒకప్పుడు నమ్మారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఉద్యోగుల ఆసుపత్రి సమాచారాన్ని పేర్లు తొలగించి పరిశోధకులకు ఇచ్చింది. లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని అప్పట్లో 20 డాలర్లకు కేంబ్రిడ్జి నగర ఓటర్ల జాబితా కొన్నది. ఆ జాబితాలో రాష్ట్ర గవర్నరు పుట్టిన తేదీ, ఏడాది ఉన్నవారు ఆరుగురే, అందులో మగవాళ్లు ముగ్గురు, ఆయన పిన్‌కోడులో ఉన్నది ఒక్కరే. ఆసుపత్రి సమాచారంతో సరిపోల్చగానే గవర్నరు గారి రోగ నిర్ధారణలు, మందులు బయటపడ్డాయి. పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడు కలిస్తే చాలు, అమెరికా జనాభాలో 87 శాతాన్ని విడిగా గుర్తించవచ్చని ఆమె లెక్కకట్టింది. మన ఊళ్లలో అంత కూడా అక్కర్లేదు. ‘ఫలానా గ్రామం, 34 ఏళ్ల మహిళ, డయాలిసిస్’ అంటే ఊరంతా పేరు చెబుతుంది.

అలాగని పరిశోధన ఆపేయనక్కర్లేదు. 2020లో కోవిడ్ ఎవరిని ఎక్కువగా చంపుతోందో తెలుసుకోవడానికి ఇంగ్లండ్‌లో ఓపెన్‌సేఫ్‌లీ అనే వేదిక కట్టారు. దానిలో రికార్డులు పరిశోధకుల దగ్గరికి రావు. పరిశోధకుడు రాసిన ప్రోగ్రామే రికార్డులు ఉన్నచోటికి వెళ్తుంది, లెక్కల సారం మాత్రమే బయటికి వస్తుంది. ఎవరు ఏ ప్రశ్న అడిగారో అందరికీ కనిపించేలా నమోదవుతుంది. సుమారు 1.7 కోట్ల మంది పెద్దల రికార్డుల మీద ఆ అధ్యయనం కొద్ది వారాల్లో పూర్తయింది. వయసు, మగవారు కావడం, అదుపులో లేని షుగరు, పేదరికం ఎంతెంత ముప్పు పెంచుతాయో అప్పుడు స్పష్టమైంది. ఉద్దానంలాంటి చోట నీళ్లు, వృత్తి, ఎండ, మందులు, రక్తపరీక్షలు అన్నీ కలిపి ఏళ్లతరబడి చూడాల్సిన పరిశోధనకు ఈ నమూనా ఎంత పనికొస్తుందో ఆలోచించదగ్గది.

ఇక మన వ్యవస్థ సంగతి. 2021 సెప్టెంబరు 27న కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటికీ విస్తరించింది. ఆభా అనే 14 అంకెల ఆరోగ్య సంఖ్యలు 70 కోట్లు దాటాయి. సంఖ్య తీసుకోవడం తప్పనిసరి కాదు. దీని నిర్మాణంలో ఒక మంచి నిర్ణయం ఉంది. రికార్డులన్నీ ఢిల్లీలో ఒకే గోదాములో పోయరు. ఏ ఆసుపత్రిలో పుట్టిన రికార్డు అక్కడే ఉంటుంది. వేరే డాక్టరు చూడాలంటే రోగి ఫోనుకు అభ్యర్థన వస్తుంది. ఏ రికార్డు, ఎందుకు, ఎన్నాళ్లు చూడవచ్చో రోగి నిర్ణయించవచ్చు, ఆ అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. కాగితం మీద చూస్తే ఇది చాలా దేశాల కంటే మెరుగైన ఆలోచన.

కౌంటరు దగ్గర అది వేరేలా మారుతుంది. రద్దీలో ఉన్న ఉద్యోగి ‘అమ్మా, ఫోనుకు ఓటీపీ వచ్చింది చెప్పండి’ అంటాడు. ఆమె చెప్పేస్తుంది. దేనికి ఒప్పుకున్నదో ఆమెకు తెలియదు, చెప్పేంత తీరిక అతనికి లేదు. చాలాసార్లు ఆ ఫోను ఆమెది కూడా కాదు. ఒకే నంబరు మీద ఇంటిల్లిపాది ఆభాలు ఉంటాయి, ఫోను భర్త జేబులోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. భర్తకు తెలియకుండా కుటుంబ నియంత్రణ గురించి సలహా అడిగిన స్త్రీ, డిప్రెషన్‌కు మందు వాడుతున్న కోడలు, కాలేజీలో చదివే పెళ్లికాని అమ్మాయి, వీళ్ల విషయంలో అనుమతి అడిగే సందేశమే గుట్టు విప్పేస్తుంది. అనుమతి వ్యవస్థను రూపొందించినవారు ఒక మనిషికి ఒక ఫోను ఉంటుందని అనుకున్నారు. మన ఇళ్లు అలా లేవు.

తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఆరోగ్య ప్రొఫైల్ కార్యక్రమం మొదలుపెట్టి ఇంటింటికీ సిబ్బందిని పంపింది. బీపీ, షుగరు బయటపడక ముందే పక్షవాతం తెచ్చుకునే పల్లెల్లో అది చాలా విలువైన పని. ఇలాంటి కార్యక్రమాలు ఎక్కడ జరిగినా ఒక చిక్కు ఉంటుంది. ట్యాబ్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చే ఆశా కార్యకర్త పక్క వీధి మనిషే. ఆమె దగ్గర ఉండటం వల్లే జనం తలుపు తీస్తారు, ఆమె దగ్గరదవడం వల్లే కొన్ని సంగతులు దాస్తారు. ఆమె మీద అనుమానం పెట్టుకోవడం దీనికి పరిష్కారం కాదు. సున్నితమైన ప్రశ్నలు గుమ్మం దగ్గర అడగకుండా పీహెచ్‌సీలో తలుపు వేసిన గదికి వదిలేయాలి. ఆమె ట్యాబ్‌లో ఆ గడులు కనిపించకూడదు. ఆమెకు గోప్యత గురించి సరైన శిక్షణ, తగిన జీతం ఇవ్వాలి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గురించి కూడా సూటిగా మాట్లాడుకోవాలి. సమాచారం బయటికి పొక్కితే బాధితులకు తెలియజేయాలని అది ఆదేశిస్తుంది, జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అయితే 2019 నాటి బిల్లులో ఆరోగ్య సమాచారానికి ‘సున్నితమైన సమాచారం’ అని ప్రత్యేక శ్రేణి ఉండేది. చట్టంలో ఆ శ్రేణి లేదు. మన బూట్ల సైజుకీ మన రోగ నిర్ధారణకీ ఒకే రక్షణ. పైగా జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, గుట్టు పోయిన రోగికి పరిహారం ఇప్పించే నిబంధన అందులో లేదు. ఆరోగ్య సమాచార భద్రత కోసమే 2018లో దిశ పేరుతో ఒక ముసాయిదా తెచ్చి పక్కన పెట్టేశారు. దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోవాల్సిన అవసరం ఇప్పుడు మరింత ఉంది.

ఈలోగా చేతిలో ఉన్నవి వాడుకోవచ్చు. 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. డిశ్చార్జి రోజునే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆభా యాప్‌లో ఇచ్చిన అనుమతుల జాబితా ఉంటుంది, తెరిచి అవసరం తీరినవాటిని రద్దు చేయండి. ఓటీపీ చెప్పేముందు ‘ఇది దేనికి?’ అని అడగండి. చెల్లెలికో అమ్మకో సొంత నంబరు ఉంటే వాళ్ల ఆభాను ఆ నంబరుకు మార్పించండి. లోపల ఏ ఉద్యోగి రికార్డు తెరిచాడో రోగికి చూపించే ఏర్పాటు మీ ఆసుపత్రిలో ఉందా అని యాజమాన్యాన్ని అడగండి. ఈ రోజుకు చాలాచోట్ల లేదనే అంటారు, అయినా అడగాలి. సాఫ్ట్‌వేరులో ఆ వివరం చాలాసార్లు నమోదవుతూనే ఉంటుంది, దాన్ని రోగి వైపు తిప్పి చూపించడమే మిగిలింది.